మూలము చూపని మాట

2024వ సంవత్సరము జూలై మాసమున ఏషియన్ న్యూస్ ఇంటర్నేషనల్ అను వార్తాసంస్థ ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున వికీమీడియా ఫౌండేషనుపై రెండు కోట్ల రూపాయలకు పరువునష్టపు వ్యాజ్యెము వేసినది. వికీపీడియాలో తన్ను గూర్చి వ్రాసిన మాటలు తన ప్రతిష్ఠకు భంగకరములని వాది యారోపణము. ఆ మాటలు వ్రాసినవా రెవ్వరో తెలుపుడని న్యాయస్థానము ప్రతివాదిని కోరినది. ఆ యేటి అక్టోబరులో, ఈ వ్యాజ్యెమును గూర్చి వికీపీడియాలో వెలసిన పుటను తొలగింపుమని ఆజ్ఞ యైనది. 2025 మే 9వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ తొలగింపుటాజ్ఞను కొట్టివేసినది. ఉభయపక్షములలో న్యాయ మెవరిదో తేల్చుట న్యాయమూర్తుల పని. మే మందు జొరబడము. కాని ఈ వ్యవహారమువలన సామాన్యజనుల మనస్సున నొక ప్రశ్న పొడమినది: పేరు తెలియనివాడు వ్రాసిన మాటను లోక మేల నమ్మవలెను?

ఈ ప్రశ్నకు సమాధాన మొక్కటియే. పేరు తెలియనివానిని నమ్మ నక్కరలేదు. వాడు చూపిన మూలమును పరీక్షించి, అది నిలిచినచో నమ్మవలెను. 2001 జనవరి 15వ తేదీన ఆంగ్లభాషలో ఆరంభమైన ఈ విజ్ఞానసర్వస్వమున నెవ్వరైనను వ్రాయవచ్చును. ఎవ్వరు వ్రాసినదానినైనను మరియొకరు దిద్దవచ్చును. వ్రాసినవాడు పండితుడో, బాలుడో, పక్షపాతియో చదువరికి తెలియదు. కావుననే అందొక కట్టుబాటు పెట్టుకొనిరి. సందేహమునకు పాత్రమగు ప్రతి వాక్యమునకును ఆధారమును చూపవలెను. ఆ భారము వాక్యమును చేర్చినవానిదే గాని, ప్రశ్నించినవానిది కాదు. ఆధారము లేని వాక్యము ప్రక్కన ఆధారము కోరుచు నొక చిన్న గుర్తు పడును. ఎంతకాలమునకును అది చూపబడనిచో వాక్యమును తీసివేయవచ్చును. జీవించియున్న మనుష్యుని నిందించు మాట యైనచో, వేచియుండు పనియే లేదు, తత్క్షణమే తీసివేయవలెను.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి పూనికతో మొదలైనది. నాటినుండి నేటివరకు ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విశ్రాంతి పొందిన పెద్దలు, విదేశములందున్న తెలుగువారు జీతము లేక, సన్మానము లేక, పలుమారు మెప్పు సయితము లేక దానిని పెంచుచు వచ్చిరి. ఉభయ తెలుగు రాష్ట్రములలోని వేలకొలది గ్రామముల కందు ఒక్కొక్క పుట యున్నది. తన పల్లె పేరు లోకమున నెవ్వరికిని తెలియదనుకొన్న రైతునకు, ఆ పేరిట నొక పుట తెలుగు లిపిలో కనబడుట సామాన్యమైన విషయము కాదు. ఇట్టి సేవను మెచ్చకుండుట కృతఘ్నత. మెచ్చుచునే లోపమును చూపుట స్నేహధర్మము.

లోప మేమనగా, ఆ గ్రామపు పుటలనే చూడుడు. జనసంఖ్య, విస్తీర్ణము, పాఠశాలల లెక్క 2011 జనాభా లెక్కలనుండి తీసినవి. వానికి మూలము చూపబడియున్నది. క్రిందికి వచ్చినకొలది మూలములు పలుచబడును. ఈ దేవాలయము వేయి యేండ్లనాటిదని యొక వాక్యము. ఫలానా రాజు వేటకు వచ్చి ఇచ్చట విడిసినందున ఈ పేరు వచ్చినదని మరియొక వాక్యము. ఫలానా వంశమువారు ఊరిని కట్టించిరని వేరొక వాక్యము. ఎవరు చెప్పిరి? ఏ శాసనమున నున్నది? ఏ గ్రంథమున, ఏ పుటలో నున్నది? పలుకు లేదు. పై లెక్కలకు గల గౌరవమును ఆశ్రయించి ఈ క్రింది మాటలును ప్రామాణికములై చెలామణి యగుచున్నవి. మంచినాణెముల సంచిలో చెల్లని కాసు కలిసినట్లున్నది.

తెలుగున విజ్ఞానసర్వస్వము క్రొత్త వస్తువు కాదు. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులైన కొమర్రాజు లక్ష్మణరావుగారు, పిమ్మట ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి; తరువాయి వెలువడకముందే 1923లో వారు కీర్తిశేషులైరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగా రా భారమును తలకెత్తుకొని తమ తుదిదినములవరకు మోసిరి. ఆ గ్రంథముపై సంపాదకుని పేరుండెను. తప్పు దొరలినచో నెవరిని అడుగవలెనో జనులకు తెలియును. లక్ష్మణరావుగారి పాండిత్యమే యొక పూచీ. నేటి సర్వస్వమున నట్టి పేరు లేదు, అట్టి పూచీ లేదు. సంపాదకుని పేరుండవలసిన స్థానమున మూలము నిలువవలెను. అది లేనిచో నా స్థానము శూన్యము. శూన్యముపై గోడ లేవదు.

ఈ కట్టుబాటు పాశ్చాత్యులనుండి మనమీద వచ్చి పడినదని కొందరు విసుగుకొనుచున్నారు. వారు మన శాస్త్రములను మరచినట్లున్నది. నైయాయికులు ప్రత్యక్షమును, అనుమానమును, ఉపమానమును చెప్పి, నాలుగవ ప్రమాణముగా శబ్దమును గ్రహించిరి. అందును ఎవడో యొకడు పలికిన శబ్దము ప్రమాణము కాదు. ఆప్తుని వాక్యమే ప్రమాణము. విషయమును సాక్షాత్తుగా తెలిసికొని, తెలిసినది తెలిసినట్లు చెప్పువాడే ఆప్తుడు. నేడు నమ్మదగిన మూలమనునది ఆ ఆప్తవాక్యమే. ఇంకను దగ్గరకు రండు. మెదకు సీమలోని కొల్చారము కోలాచల మల్లినాథసూరి జన్మస్థానమని పండితుల యభిప్రాయము. కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్య వ్రాయబూనినప్పు డా మహనీయుడు, మూలము లేనిది ఏదియు వ్రాయననియు, అక్కరలేనిది ఏదియు పలుకననియు ప్రతిజ్ఞ చేసెను. సికింద్రాబాదునుండి పూటలో పోయి రాగల యూరివాడు ఇన్ని శతాబ్దులకు పూర్వము చేసిన ప్రతిజ్ఞ, నేటి విజ్ఞానసర్వస్వపు మొదటి నియమము. దీనిని పరాయిదనుట మన యింటి దీపమును మనమే గుర్తింపకపోవుట.

శాస్త్రములు చదువని రైతునకు సయితము ఈ ధర్మము తెలియును. భూమి తగవు వచ్చినప్పుడు, ఈ చెలక మా తాతదని ఎంత బిగ్గరగా నన్నను తహసీలుదారు వినడు. సేత్వారు ఏమి చెప్పుచున్నది? 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఎవరి పేరున్నది? దస్తావేజు రిజిస్టరైనదా? ఇవియే ప్రశ్నలు. అందును కాగితమునకు కాగితమునకు తారతమ్యమున్నది. మూలపు సేత్వారు వేరు. దానికి నకలు వేరు. నకలునకు నకలు వేరు. పొరుగువాడు తెల్లకాగితముపై వ్రాసియిచ్చిన మాట వేరు. పహాణీలో మాటతో నెక్కించిన పేరును చూపి, ఆ పహాణీయే తన హక్కునకు సాక్ష్యమని వాదించిన వారిని పట్వారీల కాలమున చూచినవారు మన పాఠకులలో నింకను కొంద రుండవచ్చును. ఎకరము భూమి విషయమున నింత జాగరూకత గల జాతి, తన చరిత్ర విషయమున మాత్రము విన్నమాటతో తృప్తిపడుట వింత గాదా?

ఇక కొన్ని దృష్టాంతములు చూతము. తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియను భాష యని నికోలో ది కాంటీ యను వెనీసు యాత్రికుడు పదునారవ శతాబ్దమున మెచ్చుకొనెనని సభలయందు, పాఠ్యపుస్తకములయందు, పత్రికలయందు వినుచుందుము, చదువుచుందుము. వినుటకు కర్ణరసాయనము. కాని ఆ యాత్రికుడు 1469లో మరణించినవాడు. పదునైదవ శతాబ్దపు మనుష్యుడు పదునారవ శతాబ్దమున మెచ్చుకొనుట యెట్లు? ఆతని యాత్రావృత్తాంతమును లాటిను భాషలో నెక్కించినవాడు పోజియో బ్రాచియోలినీ. ఆ వృత్తాంతమున ఏ పుటలో నీ మాట యున్నదో చూపి వ్రాసిన వ్యాసము మా కంటబడలేదు. ఒకరిని చూచి యొకరు వ్రాసినవారే గాని, మూలమును తెరచినవారు కానరారు. తెలుగు తీయదనమునకు వెనీసువాని యోగ్యతాపత్రము అవసరము లేదు. కావలెనన్నచో ఆ పత్రమును చూపవలెను.

రెండవది మా సికింద్రాబాదు విషయము. మలేరియా క్రిమిని సర్ రొనాల్డ్ రాస్ సికింద్రాబాదున కనుగొనెనని మాలో పలువురు గర్వముతో చెప్పుకొందురు. ఇది సగము నిజము. సగము నిజము పూర్తి యబద్ధముకంటె ప్రమాదకరము, ఏలయన దాని కెవ్వరును అడ్డు చెప్పరు. మలేరియా క్రిమిని రోగి రక్తమున 1880లో అల్జీరియాయందు చూచినవాడు లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు. రాస్ 1897 ఆగస్టు 20వ తేదీన ఇచ్చట చూచినది, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపు గోడలో పెరుగుచున్న ఆ క్రిమి రూపమును. ఆయన తాను చూచినదానిని అదే సంవత్సరము డిసెంబరు 18వ తేదీ బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటించెను. ఆ వ్యాసపు శీర్షికలోనే, రెండు దోమలలో కనబడిన విచిత్రపు కణములని యెంతో యణకువగా చెప్పుకొనెను. దోమద్వారా వ్యాధి వ్యాపించు పూర్తి చక్రమును పక్షులయందు ఆయన నిరూపించినది 1898లో కలకత్తాయందు. మనుష్యుల మలేరియా విషయమున దానిని చూపినవారు ఇటలీలో గ్రాసీ మొదలగువారు. మూలమును చదివినందున సికింద్రాబాదు కీర్తి తగ్గినదా? తగ్గలేదు. దోమకును మలేరియాకును గల ముడిని మొట్టమొదట కంటితో చూచిన చోటు మనదేనని నిశ్చయముగా, ఎవ్వరును కాదనలేని రీతిని చెప్పగలిగితిమి.

మూడవది భాగ్యనగరము. భాగమతి యను నర్తకి పేరిట మహమ్మదు కులీ కుతుబ్‌షా ఈ నగరమును నిర్మించెనని ఫెరిష్తా వ్రాసెను. అక్బరు దూతగా దక్కనునకు వచ్చిన ఫైజీయు ఇట్టి మాట వ్రాసెను. కుతుబ్‌షాహీల చరిత్రకారుడైన హారూన్ ఖాన్ షేర్వానీ ఈ కథను నిరాకరించెను. నరేంద్ర లూథర్ దానిని సమర్థించెను. ఇచ్చట విజ్ఞానసర్వస్వమున వ్రాయువాని ధర్మ మేమి? తన మనస్సునకు నచ్చిన పక్షమును సత్యమని వ్రాయుట కాదు. ఎవ రేమి చెప్పిరో, ఏ ఆధారముతో చెప్పిరో, వారివారి పేరుతో నిలిపి తాను తొలగుట. వికీపీడియా తన పుటలలో స్వకపోలకల్పితమైన పరిశోధనకు తావులేదని చెప్పుటకు కారణ మిదియే. పరిశోధన చేయదలచినవాడు గ్రంథము వ్రాయవలెను, పండితుల పరీక్షకు నిలువవలెను. పిదప సర్వస్వ మా గ్రంథమును చూపును. స్థలపురాణమునకును ఇదే రీతి. దేవాలయము యుగములనాటిదని స్థలపురాణము చెప్పుచున్నదని వ్రాయవచ్చును. అది భక్తుల విశ్వాసమునకు సాక్ష్యము. కాని ఆ గోపురము ఏ శతాబ్దినాటిదో చెప్పుటకు శాసనము కావలెను, శిల్పము తెలిసినవాని గ్రంథము కావలెను.

మూలము లేకుండుటకంటె ఘోరమైన దోషము వేరొకటి కలదు: మూలమువలె కనబడు ప్రతిధ్వని. 2008లో అమెరికా విద్యార్థి యొకడు వేడుకకై, కోటీ యను దక్షిణ అమెరికా జంతువునకు బ్రెజిల్ ఆర్డ్‌వార్క్ అను మారుపేరు కలదని ఆంగ్ల వికీపీడియాలో నొక్క ముక్క చేర్చెను. అట్టి పేరు లోకమున లేదు. కొన్నాళ్లకు దానిని చూచి పత్రికలవారు వ్రాసిరి, గ్రంథకర్తలు గ్రహించిరి. పిదప ఆ పత్రికలనే వికీపీడియా పుటలో ఆధారములుగా చూపిరి. పిట్ట తన గ్రుడ్డునుండి తానే పుట్టినట్లైనది. అంతకు ముందు 2005లో జాన్ సీగెన్‌థాలర్ అను వృద్ధ పత్రికారచయితకు కెనడీ సోదరుల హత్యలతో సంబంధ మున్నదని శంక కలుగునట్లు ఎవడో వ్రాసిన యబద్ధము, నెలల తరబడి అందు నిలిచియుండెను. మొదటిది హాస్యము, రెండవది ఒక మనుష్యుని యావజ్జీవ ప్రతిష్ఠ. రెంటికిని ద్వారము తెరచిన దోష మొక్కటే: ఆధారమేదని తగిన వేళ నడిగినవాడు లేకపోవుట.

ఈ విషయమున పత్రికలవారమైన మేమును నిర్దోషులము కాము. పుణ్యతిథులకు, జయంతులకు, ఉత్సవములకు మాకు వచ్చు వ్యాసములలో సంవత్సరముల పట్టికలు పుష్కలముగా నుండును. ఎక్కడ చూచితిరని వ్రాసినవారి నడిగినచో, వికీపీడియాలో నని సమాధానము. వికీపీడియాలో చూచినచో, ఆధారము ఫలానా దినపత్రికలోని జయంతివ్యాసము! కావున మేమే మా విషయమున నొక నియమమును చెప్పుచున్నాము. దినపత్రిక తాను చూచినదానికి సాక్షి. తాను విన్నదానికి కాదు. నిన్న ముషీరాబాదున జరిగిన సభలో ఎవరు ప్రసంగించిరో పత్రికవలన తెలిసికొనవచ్చును. కాకతీయుల చెరువు ఎప్పుడు త్రవ్వబడినదో పత్రికలోని పండుగవ్యాసమువలన తెలిసికొనరాదు. పేరు గల గ్రంథమైనను, గ్రంథకర్త స్వయముగా అచ్చొత్తించుకొని, ఎవ్వరిచేతను పరీక్షింపబడనిదైనచో దానిని జాగరూకతతో గ్రహింపవలెను. ఒక సంస్థ తన్ను గూర్చి తాను చెప్పుకొన్న మాట దాని చిరునామాకు చాలును, దాని గొప్పతనమునకు చాలదు.

ఇచ్చట నొక బలమైన యాక్షేపణ కలదు. దానిని మేము తేలికగా త్రోసివేయము. తెలంగాణమున నిజాముల కాలమునందు రాజభాష పారసీకము, పిదప ఉర్దూ. తెలుగు బడులు తక్కువ, తెలుగు ముద్రణాలయములు తక్కువ. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినదే 1901లో. మదరాసు రాజధానిలో అచ్చైనంత తెలుగు ఇచ్చట అచ్చు కాలేదు. అచ్చైనదే మూలమన్నచో, అచ్చు లేనివాని చరిత్ర లేనట్లేనా? బోనాల పాట, బతుకమ్మ పాట, ఒగ్గుకథ, దళితవాడల వృత్తాంతము, అడవిలోని గోండుల వంశగాథ, వీని కెవడు పుటసంఖ్య చూపగలడు? నియమము న్యాయమైనదే గాని, అది ఉన్నవానికి చుట్టమై లేనివానికి శత్రువగుచున్నదని యాక్షేపకుల మాట. ఇందు సత్యమున్నది. 2011లో కొందరు వికీపీడియనులు మలయాళ, హిందీ భాషలకును, దక్షిణాఫ్రికాలోని సెపెడీ భాషకును సంబంధించి, పల్లెజనుల మౌఖికవృత్తాంతములను ధ్వనిలేఖనము చేసి ఆధారముగా చూపు ప్రయత్నము చేసిరి. లోపమును గుర్తించినవారు లోకమున నున్నారని దానివలన తెలియుచున్నది.

అయినను, లోపమునకు చికిత్స నియమమును సడలించుట కాదు, మూలములను సృజించుట. మన ప్రాంతముననే దీనికి దివ్యమైన నిదర్శనము కలదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాసినప్పుడు, గోలకొండ పత్రికా సంపాదకులైన సురవరం ప్రతాపరెడ్డిగారు కోపించి బదులు వ్యాసము వ్రాసి యూరకుండలేదు. లేరా? చూపెదమని పూనుకొనిరి. జిల్లాలకు లేఖలు పోయినవి. పల్లెలనుండి పద్యములు, కవుల వివరములు వచ్చినవి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడినది. అందు 354 మంది కవులు. ఆక్షేపకుని మాటకు నాటితో నూపిరి పోయినది. ఆ సంచిక నేటికిని మూలమే. నాడు సంపాదకులు, ఇచ్చట కవులు కోకొల్లలని మూలము లేని వాక్యము నొకదానిని మాత్రము వ్రాసియుండినచో, దానిని నేడు తలచువా డుండునా?

ఆ దశకముననే మరియొక పని జరిగినది. కొమర్రాజువారి పేరిట వెలసిన లక్ష్మణరాయ పరిశోధకమండలివారు పొలముల గట్లమీదను, శిథిలాలయములలోను పడియున్న రాళ్లను చదివి, నకళ్లు తీసి, 1935లో తెలంగాణా శాసనములను గ్రంథముగా ప్రకటించిరి. ప్రభుత్వపు పెద్ద జీతగాండ్రు కారు. వకీళ్లు, ఉపాధ్యాయులు, గ్రంథాలయ సేవకులు. నే డొక గ్రామపు పుటలో, ఈ ఊరి గుడి ఫలానా శకవర్షమునాటిదని మనము నిర్భయముగా వ్రాయగలుగుచున్నా మనిన అది వారి యెండదెబ్బల ఫలము. అంతకు నూరేండ్లకు ముందు కర్నలు మెకంజీ, కావలి సోదరుల సాహాయ్యముతో కరణముల కవిలెలనుండి కైఫీయతులను వ్రాయించెను. ఆ కైఫీయతు లేని యూరికిని, ఉన్న యూరికిని చరిత్రలో నెంత భేదమో పరిశోధకుల నడుగుడు.

మూలములు మనకొరకు వేచియుండవనియు తెలిసికొనవలెను. 2000 ఆగస్టు వరదలో బాగులింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రమున నీరు చొచ్చి, అందున్న ఉర్దూ పరిశోధనాగ్రంథాలయపు అరుదైన ప్రతులు నీట నానినవి. గ్రంథాలయముననే ఇట్లైనచో, ఇండ్ల అటకలమీద నున్నవాని గతి చెప్పవలెనా? తాతగారి దినచర్య, ఆంధ్రమహాసభనాటి కరపత్రము, జాగీరుదారుని రసీదు, తొలి తెలుగు బడికి చందా యిచ్చినవారి పట్టిక, ఇవి ఏటేట చిత్తుకాగితముల బండికెక్కుచున్నవి. శేరు లెక్కన తూగి పోవుచున్నది చరిత్ర.

ఇంతలో క్రొత్త యాపద యొకటి వచ్చినది. ఇప్పుడు మాటలల్లు యంత్రములు వచ్చినవి. అడిగినదే తడవుగా, ఏ గ్రామమునకైనను నిమిషములో స్థలచరిత్ర నల్లి యిచ్చును. వాక్యము నున్నగా నుండును. ధైర్యము మెండుగా నుండును. ఒక్కొక్కప్పుడు లేని గ్రంథమునకు పేరు పెట్టి, లేని పుటసంఖ్యను సయితము చూపును. ఆంగ్ల వికీపీడియావారు 2025లో, పరీక్షింపక చేర్చిన యంత్రలిఖితమని స్పష్టముగా తేలిన పుటలను చర్చతో జాప్యము చేయక తొలగింపవచ్చునని నియమము చేసికొనిరి. తెలుగువారి కిందు రెట్టింపు ప్రమాదమున్నది. ఈ యంత్రములు చదువుకొని నేర్చుకొను తెలుగు మిక్కిలి స్వల్పము. అందు తెలుగు వికీపీడియా ముఖ్యభాగము. నేడు మనము మూలము లేక వ్రాసిన మాటను రేపు యంత్రము నేర్చుకొనును. ఎల్లుండి మన బిడ్డలకు దానినే పాఠముగా చెప్పును. అప్పుడు దిద్దుటకు అసలు ప్రతి యెక్కడ దొరకును? బావిలో పడిన విషము కడవ కడవకును వచ్చినట్లు వచ్చుచుండును.

కావున చేయవలసిన పనిని సూటిగా చెప్పెదము. వికీపీడియాలో వ్రాయు మిత్రులు ముందు వాక్యము వ్రాసి పిదప ఆధారమును వెదకుట మానవలెను. ఆధారమును చదివి, అది చెప్పినంతమాత్రమే వ్రాయవలెను. గ్రంథకర్త పేరు, గ్రంథము పేరు, సంవత్సరము, పుటసంఖ్య, ఈ నాలుగును చూపని మూలము పేరు తెలిపి చిరునామా దాచినట్లుండును. తాను చూడని గ్రంథమును ఇతరుల పుటనుండి ఎత్తి చూపరాదు. ఆధారము కోరు గుర్తును చూచి అవమానమని తలపరాదు; అది తగవు కాదు, సహకారమునకు పిలుపు. పాత తెలుగు గ్రంథము లెన్నియో తెలుగు వికీసోర్సులో చిత్రరూపమున దొరకును. పాత పత్రికల సంచికలను ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీవారు చిత్రములు తీయించి యుంచిరి. ఇచ్చట తార్నాకలోనే రాష్ట్ర ప్రాచీన లేఖ్యాగార మున్నది. ఇన్ని యుండగా, దొరకలేదనువాడు ఎంత వెదకెనో తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

వ్రాయనివారికిని పని కలదు. భూస్వాములు, వర్తకులు, పురప్రముఖులు తమ యిండ్లలోని పాత కాగితములను చూచి, తగినవానిని గ్రంథాలయములకు ఇయ్యవలెను. ఇయ్య మనస్సొప్పనిచో ప్రతిచిత్రము లైనను తీయనియ్యవలెను. తమ తాత గొప్పవాడని మనుమడు వ్రాసిన వాక్యము నిలువదు. ఆ తాత నాటి లెక్కలపుస్తకము నిలుచును. ఊరి వృద్ధులు చెప్పు వృత్తాంతమును, చెప్పినవారి పేరు, వయస్సు, తేదీతో సహా వ్రాసికొని, ఒకరు చెప్పినదానిని మరియొకరి మాటతో సరిచూచి, తెలిసిన పండితునిచే పరీక్షింపజేసి అచ్చొత్తింపవలెను. కళాశాలలలో చరిత్ర చదువు విద్యార్థులకు, ఏటేట నొక గ్రామమును ఇట్లు పరిశీలించు పనిని పెట్టినచో, పదియేండ్లలో తెలంగాణమునకు మూలములు లేవను మాట వినబడదు.

మల్లినాథుడు వ్యాఖ్యకొరకు చేసిన ప్రతిజ్ఞను, ప్రతాపరెడ్డిగారు మరియొక రీతిని నెరవేర్చిరి: ఒకడు మూలము లేనిది వ్రాయలేదు, ఒకరు మూలము లేనిచోట మూలమును సమకూర్చిరి. ఈ రెండు పనులును నేటి తెలుగువాని ముందున్నవి. జాతిగౌరవము పెద్దమాటలతో పెరుగదు. ఎవ్వడు వచ్చి ఎంతగా ప్రశ్నించినను, ఇదిగో పుట, ఇదిగో పంక్తి యని చూపగలిగినంతవరకే మన చరిత్ర మనది.